మంచును కరగించు ఉప్పు

ఉప్పు లేని యిల్లు లేదు. పప్పులోనికి, పులుసులోనికి, ఏడాదికి సరిపడ పెట్టుకొను ఆవకాయలోనికి ఉప్పు కావలెను. తెలుగునాట సముద్రతీరమందలి నౌపడ, చినగంజాము మున్నగు చోట్ల ఎండవేడిమికి ఉప్పునీరు ఆవిరియై, మడులలో తెల్లని ఉప్పు మిగులును. దానిని రాసులుగా పోసి, బస్తాల కెత్తి, దూరప్రాంతములకు పంపుదురు. మన యిండ్లలో ఉప్పునకు స్థానము వంటగది. కాని ఉత్తర అమెరికాలోని మినెసోటా, మిషిగన్ వంటి రాష్ట్రములందును, కెనడా దేశమందును ఎందరో గృహస్థులు శీతకాలము రాకమునుపే మరియొక ఉప్పుబస్తాను కొని, వీధితలుపు ప్రక్కన ఉంచుకొందురు. అది తినుటకు కాదు, వాకిట చల్లుటకు.

ఆ దేశములలో శీతకాలము మన పుష్యమాసపు చలివంటిది కాదు. మినెసోటాలో జనవరి నెల రాత్రులందు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 20 డిగ్రీలను దాటుట అరుదు కాదు. ఆకాశమునుండి దూదిపింజలవలె హిమము రాలి, ఇంటికప్పులను, చెట్లను, దారులను కప్పివేయును. చూచుటకు ఆ దృశ్యము మనోహరముగ నుండును. మన దేశమునుండి ఉద్యోగములకై, చదువులకై అచటికి పోయిన తెలుగువారు మొదటిసారి హిమపాతమును చూచి పిల్లలవలె సంతోషింతురు. అయితే రాలిన హిమము రాలినట్లే యుండదు. పగటిపూట ఎండకు కొంత కరగి నీరగును. రాత్రి చలికి ఆ నీరు గట్టిపడి గాజుపలకవంటి మంచుపొర యగును. రాలిన హిమము మెత్తనిది. దానిని పారతో ఎత్తివేయవచ్చును. గడ్డకట్టిన మంచుపొర నేలను కరచుకొనియుండును. అది పారకు లొంగదు.

ఆ మంచుపొర మిక్కిలి ప్రమాదకరమైనది. ఒక్కొక్కచో అది నీటివలె పారదర్శకముగ నుండి, క్రిందనున్న నల్లని రోడ్డునే చూపును. దానిని అచటివారు నల్లమంచు అందురు. తడిసిన నేల యనుకొని దానిపై కాలు పెట్టినవాడు మరుక్షణమున నేలబడును. యువకులకు చేయి బెణుకుటతో పోవచ్చును. వృద్ధులకు తుంటియెముక విరుగుటయు సంభవించును. కుమారుని యింటికో, కుమార్తె యింటికో వచ్చిన వృద్ధులైన తలిదండ్రులు చెప్పులతో వాకిటికి పోయి జారిపడినచో, కొన్ని నెలలు మంచము పట్టవలసివచ్చును. తపాలా బంట్రోతు, పాలు తెచ్చువాడు, బడికి పోవు బాలుడు, వీరందరును ఆ వాకిటి ముందరి బాటపైననే నడువవలెను. అందుచేత ఇంటి ముందరి కాలిబాటను శుభ్రపరచుట ఆ యింటివారి బాధ్యతయని పెక్కు నగరములు నియమము చేసినవి. మినియాపొలిస్ నగరమున హిమపాతము ఆగిన 24 గంటలలోపల గృహస్థులు తమ ముందరి కాలిబాటను శుభ్రపరచవలెను.

ఈ పనిలో వారికి తోడ్పడునది ఉప్పు. ఉప్పు మంచు నెట్లు కరగించును? ఉప్పులో వేడి యున్నదా? నిప్పువలె అది మంచును కాల్చునా? కాదు. ఐస్‌క్రీము తయారుచేయు పాతకాలపు కొయ్యబకెట్టును చూచినవారికి ఈ సందేహము మరింత కలుగును. ఆ బకెట్టు నడుమ పాలు, చక్కెర పోసిన లోహపు డబ్బా యుండును. డబ్బా చుట్టును మంచుముక్కలు వేసి, వానిపై ఉప్పు చల్లుదురు. మంచు కరగసాగును, కాని బకెట్టు లోపల చలి తగ్గుటకు మారుగ హెచ్చును. డబ్బాలోని పాలు గడ్డకట్టును. ఒకచోట మంచును కరగించు ఉప్పు మరియొకచోట పాలను గడ్డకట్టించుచున్నది. ఇది వింతగ తోచినను, ఈ రెండును ఒకే సూత్రమునకు రెండు ముఖములు.

నీరు 0 డిగ్రీల వద్ద గడ్డకట్టునని విద్యార్థులు ఎరుగుదురు. మంచుగడ్డ ఉపరితలమున నీటి అణువులు ఎడతెగక కదలుచుండును. కొన్ని గడ్డను విడిచి నీటిలో చేరును. కొన్ని నీటిని విడిచి గడ్డలో చేరును. 0 డిగ్రీల వద్ద పోవునవి, వచ్చునవి సమానముగ నుండును. ఆ నీటిలో ఉప్పు కరగినదనుకొందము. ఉప్పులోని సోడియము, క్లోరిను కణములు విడివడి నీటియంతటను వ్యాపించును. అవి నీటి అణువుల నడుమ చేరి, గడ్డలోనికి తిరిగిపోవు అణువుల సంఖ్యను తగ్గించును. గడ్డను విడుచు అణువులకు మాత్రము అడ్డములేదు. కావున రాకకంటె పోక ఎక్కువయై, గడ్డ క్రమముగ నీరగును. ఉప్పునీరు గడ్డకట్టవలెనన్నచో ఇంకను ఎక్కువ చలి కావలెను. ఉప్పు మంచుపై యుద్ధము చేయుట లేదు. నీరు మరల గడ్డకట్టకుండ ఆపుచున్నది, అంతియే.

అయితే మంచు కరగుటకు వేడి కావలెను. ఒక గ్రాము మంచు నీరగుటకు సుమారు 80 కెలోరీల వేడిని పీల్చుకొనును. ఐస్‌క్రీము బకెట్టులో ఆ వేడి పాలనుండి వచ్చును. కనుక పాలు గడ్డకట్టును. వాకిటి బాటపై ఆ వేడి నేలనుండి, గాలినుండి రావలెను. నేల, గాలి మిక్కిలి చల్లబడియున్నచో ఆ వేడి చాలదు. ఉప్పు తన పని చేయలేదు. ఈ సంగతిని మరువరాదు. ఒక కిలో ఉప్పు సున్నకు దిగువ 1 డిగ్రీ వద్ద సుమారు 46 కిలోల మంచును కరగింపగలదు. సున్నకు దిగువ 7 డిగ్రీల వద్ద అదే కిలో ఉప్పు 9 కిలోలకు లోపుగనే కరగించును. 12 డిగ్రీల దిగువన 5 కిలోలు కూడ కరగుట కష్టము. అందుచేత సున్నకు దిగువ 9 డిగ్రీలకు మించిన చలిలో మామూలు ఉప్పు చల్లుట వ్యర్థమని అనుభవజ్ఞులు చెప్పుదురు. ప్రయోగశాలలో ఉప్పును, మంచును తగుపాళ్లలో కలిపినచో సున్నకు దిగువ 21 డిగ్రీల వరకు ద్రవరూపమున నిలుపవచ్చును. కాని అది ఓపికతో కొలిచి కలిపిన మిశ్రమము. వాకిట చల్లిన ఉప్పు అంత పని చేయదు.

లవణములు మంచు చలిని పెంచునను సంగతి విజ్ఞానచరిత్రలో ప్రసిద్ధి కెక్కినది. ఉష్ణమాపకములను నిర్మించిన ఫారన్‌హీట్ అను శాస్త్రజ్ఞుడు 1724 లో తన కొలమానమును వివరించుచు, మంచు, నీరు, అమ్మోనియం క్లోరైడు అనబడు నవాసారము కలిపిన మిశ్రమపు చలిని సున్నగ గ్రహించెను. కావుననే అతని కొలమానమున నీరు గడ్డకట్టు స్థానము సున్న కాక 32 డిగ్రీలైనది.

వీధులపై ఉప్పు చల్లుట మాత్రము మోటారు బండ్ల కాలమున వ్యాపించిన ఆచారము. గుఱ్ఱపుబండ్ల కాలమున హిమముపై జారుబండ్లు నడచెడివి. హిమము లేకున్ననే వారికి చిక్కు. మోటారు కార్లు వచ్చిన పిదప దారి నున్నగ, పొడిగ నుండవలసి వచ్చినది. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రము 1938 లో ప్రయోగముగ రోడ్లపై ఉప్పు చల్లినది. 1941, 42 శీతకాలము నాటికి దానిని సాధారణ పద్ధతిగ స్వీకరించినది. క్రమముగ ఇతర రాష్ట్రములును అనుసరించినవి. ఆ ఉప్పు మన తీరమందువలె మడులలో పండినది కాదు. భూగర్భమున త్రవ్విన రాతియుప్పు. కోట్లకొలది సంవత్సరముల క్రిందట ఎండిపోయిన సముద్రములు విడిచిన ఉప్పుపొరలు అచట నేలక్రింద కలవు. మిషిగన్ రాష్ట్రమున డిట్రాయిట్ నగరము క్రింద సుమారు 350 మీటర్ల లోతున ఉప్పుగని యున్నది. కెనడాలో గాడెరిచ్ పట్టణమువద్ద హ్యూరాన్ సరస్సు అడుగున మరియొక పెద్ద గని కలదు. పైన సరస్సు, క్రింద ఉప్పు!

గృహస్థు బజారుకు పోయినచో మంచును కరగించు పదార్థములు అనేకవిధములుగ కనబడును. అన్నిటికంటె చౌకయైనది రాతియుప్పు, అనగా సోడియం క్లోరైడు. మన కూరలో వేయు ఉప్పు కూడ అదియే. అయితే రాతియుప్పు శుద్ధి చేయనిది, ముతకగ నుండునది. చలి తీవ్రముగ లేని దినములకు ఇది చాలును.

రెండవది కాల్షియం క్లోరైడు. దీనియందు ఒక విశేషము కలదు. మామూలు ఉప్పు నీటిలో కరగినప్పుడు ఒక్కొక్క జంటనుండి రెండు కణములు విడివడును; కాల్షియం క్లోరైడు కరగినప్పుడు మూడు కణములు విడివడును. గడ్డకట్టుట కడ్డుపడునది కణముల సంఖ్యయే. అంతేకాక ఇది కరగునప్పుడు తనలోనుండి వేడిని వెలువరించును. గాలిలోని చెమ్మను తానే పీల్చుకొని త్వరగ పని మొదలుపెట్టును. సున్నకు దిగువ 25 డిగ్రీల చలిలో కూడ ఇది పనిచేయును. కాని దీని వెల యెక్కువ. తడిచేతితో పట్టుకొన్నచో చర్మము మండును. ఇంటిలోనికి కాళ్లతో తెచ్చినచో నేలపై జిడ్డుగల తడిమరకలను వదలును.

మూడవది మెగ్నీషియం క్లోరైడు. ఇది సున్నకు దిగువ 15 డిగ్రీల వరకు ఉపయోగపడును. పొటాషియం క్లోరైడు, యూరియా అనునవి పొలములలో ఎరువులుగ మన రైతులకు సుపరిచితములు. వానిని కూడ శీతలదేశములలో మంచుపై చల్లుదురు. కాని సున్నకు దిగువ నాలుగైదు డిగ్రీలు దాటినచో వాని శక్తి ఉడుగును. ఎరువుకదా, మొక్కలకు మేలేయని కొంద రనుకొందురు. పొలమునకు వేయు మోతాదు వేరు, మంచును కరగించుటకు వేయు మోతాదు వేరు. ఎక్కువైన ఎరువు మొక్కను మాడ్చును. కాలువలలో చేరిన యూరియా నాచును, పాచిని పెంచును. కాల్షియం మెగ్నీషియం అసిటేటు అను మరియొక పదార్థము కలదు. ఇందులో క్లోరైడు లేదు. ఇనుమునకు, కాంక్రీటునకు దీనివలన హాని స్వల్పము. అయితే ఇది ఖరీదైనది. తీవ్రమైన చలిలో పనిచేయదు.

ఇన్నిటిలో దేనిని కొనవలెను? పొట్లముపై చిత్రించిన కుక్కపిల్ల బొమ్మనో, పచ్చని ఆకు బొమ్మనో చూచి కొనరాదు. అది ప్రకటన మాత్రమే. వెనుకవైపున సన్నని అక్షరములతో వ్రాసిన పదార్థముల పేర్లను, అది ఎంత చలివరకు పనిచేయునను సంఖ్యను చదువవలెను. ఆ పిమ్మట నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ ప్రాంతమున చలి యెంత? బాట కాంక్రీటుదా, రాతిదా, కొయ్యదా? ప్రక్కన మొక్కలు, పచ్చిక కలవా? ఇంటిలో పసిపిల్లలు, పెంపుడు జంతువులు కలవా? చలి తక్కువైనచో చౌకయైన ఉప్పు చాలును. చలి అతితీవ్రమైనచో ఉప్పును బస్తాలకొలది పోయుటకంటె కొంచెము కాల్షియం క్లోరైడు వాడుట మేలు; లేదా ఇసుక చల్లుట మేలు. ఇసుక మంచును కరగింపదు. కాని కాలికి పట్టు నిచ్చును. ఏ చలిలోనైనను పనిచేయును.

కొనుటకంటె ముఖ్యమైనది వాడుట. మొదటి ఆయుధము పార, ఉప్పు రెండవది. హిమము రాలిన వెంటనే, జనుల పాదములు, బండ్ల చక్రములు దానిని త్రొక్కి గట్టిపరచకముందే, పారతో ఎత్తివేయవలెను. అట్లు చేసినచో పెక్కుసార్లు ఉప్పుతో పనియే యుండదు. ఎత్తివేసిన పిదప నేలను కరచుకొనియున్న పలుచని పొరకు మాత్రమే ఉప్పు కావలెను. లోతైన హిమముపై ఉప్పును కుమ్మరించువాడు ధనమును, శ్రమను, ఉప్పును వృథా చేయుచున్నాడు. ఉప్పు చల్లిన తరువాత కొంతసేపు ఓర్పుతో ఉండవలెను. అది పొరలో సన్నని రంధ్రములు చేసికొని నేలవరకు దిగి, మంచునకు నేలకు గల పట్టును సడలించును. అప్పుడు పారతో గీకినచో పొరలు పొరలుగ లేచివచ్చును. మంచునంతను నీరు చేయుట ఉప్పు పని కాదు. పట్టు విడిపించుట దాని పని. మిగిలినది మనుష్యుని పని.

ఎంత చల్లవలెను? ఈ ప్రశ్నకు చాలమంది చేయి చెప్పినంతయని ప్రత్యుత్తర మిత్తురు. బాటయంతయు తెల్లబడునట్లు చల్లినగాని వారికి తృప్తి కలుగదు. మినెసోటా రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ చెప్పిన కొలత వేరు. 1000 చదరపుటడుగుల స్థలమునకు 4 పౌనులకు తక్కువ, అనగా 2 కిలోలకు లోపు ఉప్పు చాలును. ఒక పెద్ద కాఫీకప్పునకు నిండుగ పట్టు ఉప్పు 250 చదరపుటడుగుల బాటకు సరిపోవును. చల్లిన పలుకునకు పలుకునకు నడుమ 3 అంగుళముల యెడ ముండవలెను. పలుకులు ఒకదానిపై నొకటి పడినచో మొదటిదియే పని చేసి, మిగిలినవి ఊరక పడియుండును. మంచు కరగి బాట పొడియైన పిదప మిగిలిన పలుకులను చీపురుతో ఊడ్చి, డబ్బాలో పోసికొని, మరునాటికి వాడుకొనవలెను. పొడినేలపై ఉప్పు చేయు పని యేమియు లేదు. తరువాతి వానకు కాలువలోనికి పోవుటయే దాని గతి.

కొందరు తొందరపడి మంచుపొరపై మరగిన నీళ్లు పోయుదురు. మంచు తక్షణమే కరగును, వారు సంతోషింతురు. కొంతసేపటికి ఆ నీరంతయు గడ్డకట్టి, మునుపటికంటె నున్ననైన పొర యగును. ఈ పని యెన్నడును చేయరాదు. మంచుపై నడువవలసి వచ్చినవారు అంగలు వేయక, పాదము లంతయు నేలకానించుచు, పెంగ్విన్ పక్షివలె చిన్న చిన్న అడుగులు వేయవలెను. చేతులను జేబులలో నుంచుకొనరాదు. తూగినప్పుడు అవియే ఆదుకొనును.

ఉప్పు వలన కాంక్రీటు చెడునని పలువురు చెప్పుదురు. ఇందులో కొంత నిజము కలదు. దాని కారణమును తెలిసికొనవలెను. నీరు గడ్డకట్టునప్పుడు దాని పరిమాణము సుమారు నూటికి 9 వంతులు పెరుగును. కాంక్రీటులోని సన్నని రంధ్రములలో చేరిన నీరు గడ్డకట్టి, ఉబ్బి, లోపలినుండి త్రోయును. ఉప్పు చల్లినచోట మంచు మాటిమాటికి కరగి, మాటిమాటికి గడ్డకట్టును. కాంక్రీటు ఎక్కువ నీటిని పీల్చుకొనును. అందుచేత పైపొర పెచ్చులుగ లేచిపోవును. కాల్షియం, మెగ్నీషియం క్లోరైడులు ఎక్కువైనచో సిమెంటుతో రసాయనికముగ కలిసి మరికొంత చెరుపు చేయును. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు అను ఎరువులను కాంక్రీటుపై అసలే చల్లరాదు; అవి సిమెంటును తినివేయును. కొత్తగ పోసిన కాంక్రీటుపై మొదటి శీతకాలమున ఏ లవణమును చల్లక, ఇసుకతో కాలక్షేపము చేయవలెను. శీతలదేశముల ఇంజనీర్లు కాంక్రీటులో కంటికి కనబడని గాలిబుడగలు నిలుచునట్లు కలుపుదురు. గడ్డకట్టి ఉబ్బిన నీటికి ఆ బుడగలు చోటిచ్చి, కాంక్రీటును కాపాడును.

ఇనుమునకు కూడ ఉప్పు శత్రువు. సముద్రతీరమున కిటికీ ఊచలు త్వరగ తుప్పుపట్టుట మన మెరిగినదే. ఉప్పు చల్లిన దారులలో తిరిగిన కార్ల అడుగుభాగములు, వంతెనల ఇనుపకడ్డీలు అట్లే తుప్పుపట్టును. బాట ప్రక్కన మొక్కల వేళ్లకు ఉప్పు చేరినచో, నేలలో నీరున్నను వేళ్లు దానిని పీల్చుకొనలేవు. వసంతకాలమున ఆకుల అంచులు మాడి, పచ్చిక పసుపురంగునకు తిరుగును. కావున ఉప్పు కలసిన హిమమును పారతో ఎత్తి మొక్కల పాదులలో వేయరాదు.

పెంపుడు కుక్కలు ఉప్పు చల్లిన బాటపై నడచినప్పుడు ముతక పలుకులు వాని పాదముల నడుమ చిక్కి పుండ్లు చేయును. బాధకు అవి పాదములను నాకి, ఆ లవణములను మ్రింగి, వాంతులు చేసికొనును. ఇంటిలోనికి రాగానే వాని పాదములను గోరువెచ్చని నీటితో కడిగి తుడువవలెను. ఉప్పు చల్లువారు చేతితొడుగులు ధరింపవలెను. పసిపిల్లలు వానిని చక్కెరపలుకులని భ్రమపడి నోట పెట్టుకొనవచ్చును. కాబట్టి బస్తాను వారికి అందని చోట, మూతగల డబ్బాలో, చెమ్మ తగులకుండ భద్రపరుపవలెను. చెమ్మ తగిలినచో అది రాతిముద్దయై పనికిరాకుండ పోవును కూడ.

ఇంతవరకు చెప్పిన హానులన్నియు ఇంటి ఆవరణలోనివి. ఇంతకంటె పెద్ద హాని కంటికి కనబడనిది. మంచు కరగినది, బాట శుభ్రమైనది. ఉప్పు ఎక్కడికి పోయినది? అది నశింపదు. కరగిన నీటితోపాటు కాలువలో చేరును. కాలువనుండి ఏటిలో, ఏటినుండి సరస్సులో చేరును. కొంత నేలలోనికి ఇంకి బావులలో చేరును. మురికిని నేల వడకట్టునుగాని, నీటిలో కరగిన క్లోరైడును వడకట్టలేదు. సముద్రపునీటిని మంచినీరుగ మార్చునట్టి ఖరీదైన యంత్రములతో తప్ప దానిని తొలగించుట సాధ్యము కాదు.

న్యూయార్కు రాష్ట్రమున రాచెస్టరు నగరముచెంత ఇరాండిక్వాయిట్ అను అఖాతము కలదు. సాధారణముగ వసంతకాలమున అట్టి జలాశయములలో పైనీరు, అడుగునీరు ఒకే ఉష్ణోగ్రతకు వచ్చి, గాలివలన కలిసిపోవును. అప్పుడు ప్రాణవాయువు అడుగువరకు చేరి, అచటి జీవులకు ఊపిరి పోయును. 1969, 70 శీతకాలమున నగరవీధులనుండి ఉప్పు కలసిన నీరు ఆ అఖాతములోనికి ప్రవహించినది. ఉప్పునీరు బరువైనది గనుక అడుగున పరుచుకొని నిలిచినది. ఆ వసంతమున పైనీరు, అడుగునీరు పూర్తిగ కలియలేదు. అంతకు ముందరి 20 సంవత్సరములలో ఆ నీటిలో క్లోరైడు కనీసము 5 రెట్లు పెరిగినదని పరిశోధకులు 1971 లో ప్రకటించిరి. ఏ ఒక్కరును ఆ నీటిని పాడుచేయవలెనని తలపలేదు. ప్రతివాడును తన వాకిట, తన వీధిలో, జనులు జారిపడకుండవలెనని సదుద్దేశముతోనే ఉప్పు చల్లినాడు. అన్ని పిడికిళ్లు కలిసి అఖాతమును మార్చినవి.

మంచినీటి జీవులు చిరకాలము సుఖముగ బ్రతుకుటకు లీటరు నీటిలో క్లోరైడు 230 మిల్లీగ్రాములకు మించరాదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1988 లో నిర్ణయించినది. ఈ లెక్కప్రకారము ఒక్క చెంచాడు ఉప్పు సుమారు 19 లీటర్ల మంచినీటిని ఆ యెల్లకు చేర్చును. చెంచాడు ఉప్పు ఎంత! ఒక బిందెడు నీరు ఎంత! అట్టిచో ఊరూర బస్తాలకొలది చల్లు ఉప్పు సంగతి ఊహింపవలసినదే.

ఈ సంగతిని గుర్తించి పెక్కు నగరములు తమ పద్ధతులను మార్చుకొనుచున్నవి. హిమము రాలకముందే రోడ్డుపై పలుచగ ఉప్పునీటిని పిచికారి చేయుదురు. అప్పుడు మంచు నేలను కరచుకొనదు. తక్కువ ఉప్పుతోనే పని నెరవేరును. కొన్నిచోట్ల చక్కెరబీటు రసమును ఉప్పునీటిలో కలిపి, అది రోడ్డునకు అంటుకొనియుండునట్లు చేయుదురు. పాడిపరిశ్రమకు పేరుగన్న విస్కాన్సిన్ రాష్ట్రమున జున్ను తయారీలో మిగిలిన ఉప్పునీటిని పారబోయక రోడ్లపై చల్లుచున్నారు. గృహస్థులకు అట్టి యంత్రములు లేకున్నను, పార, చీపురు, ఒక కప్పు కొలత యుండిన చాలును.

ఉప్పును బొత్తిగ మానివేయవలెనని ఎవరును అనరాదు. మంచుపై జారిపడిన వృద్ధురాలి తుంటియెముక కూడ విలువైనదే. ప్రాణము కాపాడుటకు చల్లిన పిడికెడు ఉప్పు సద్వినియోగమే. దానివెనుక అలవాటుగ చల్లిన పది పిడికిళ్లు దుర్వినియోగము. కూరలో ఉప్పు వేయు గృహిణి చేతికి కొలత తెలియును. తక్కువైన చప్పన, ఎక్కువైన నోట పెట్టరాదు. వాకిట ఉప్పు చల్లు చేతికిని ఆ కొలతయే తెలియవలెను.

ఉప్పు తిన్నవాడు నీళ్లు త్రాగవలెనని తెలుగువారి సామెత. శీతలదేశములలో ఉప్పు చల్లినవాడును నీళ్లు త్రాగవలెను. ఆ నీళ్లలో తాను చల్లిన ఉప్పు ఎంత కలియవలెనను నిర్ణయము మంచు కురిసిన ఉదయమున వాకిట నిలిచిన అతని చేతిలోనే యున్నది.